దాహం వేయని ఆడవాళ్ళు

ఇప్పుడు నా ఉద్యోగం మాట్లాడటం. నెలలో సగం రోజులు ఏదో ఒక హాల్లో మైకు పట్టుకుని నిలబడతాను. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో ఆడవాళ్ళు ఉంటారు. అంగన్‌వాడీ వాళ్ళు, స్త్రీ సంఘాల వాళ్ళు, జీన్స్ యూనిట్లలో కుట్టేవాళ్ళు. నలుగురి ముందు ఎలా మాట్లాడాలి, మన మాటతో పదిమందిని ఎలా కదిలించాలి, ఒక పద్ధతి మారాలంటే ఎవరిని ఎలా అడగాలి అని వాళ్ళకు చెప్పాలి. వెనక గోడకు బ్యానరు, పక్కన టీ క్యాను ఉంటాయి. కన్నడలో మొదలుపెట్టి, ముందు వరస మొహాలు చూసి తెలుగులోకి దిగుతాను.

మధ్యాహ్నం భోజనానికి ముందు మా సంస్థ వాళ్ళు నన్ను తాళంచెవి కథ చెప్పమంటారు. చెప్తాను. చప్పట్లు కొడతారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకుంటారు కూడా. నాకు మాత్రం ఏమీ అనిపించదు. చెప్పీ చెప్పీ అరిగిపోయిందేమో అనుకునేదాన్ని. కాదు, మొదటిసారి చెప్పినప్పుడూ ఇంతే. పన్ను పీకడానికి సూది వేశాక చెంప మొద్దుబారి ఉంటుంది చూడండి, తాకితే తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు, అలాగన్నమాట. హాల్లో చెప్పేది సగమే. భోజనాల వేళకు ముగించాలి కాబట్టి తాళంచెవి దగ్గర ఆపేస్తాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు మా నాయన ఆదోని పోయినప్పుడల్లా తెచ్చే వారపత్రికల్లో కూడబలుక్కుని నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

మాది కురుగోడు పక్క పల్లె. పీయూసీ, అంటే ఇంటరు, అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను బస్సెక్కించి, బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో చేర్పించింది మా చిన్నమ్మ. అమ్మకు సొంత చెల్లెలు. మా వీధిలోనే ఉంటుంది. మిరపకాయల పనికి ఆమె నడుము ఒప్పుకోక, నీడపట్టున ఉంటుందని ఆ యూనిట్లో చేరింది. కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారపు పోగులను చిన్న కత్తెరతో కత్తిరించడం ఆమె పని. నాకు జేబులు కుట్టే మిషను ఇచ్చారు.

మొదటి రోజు బస్సు దిగగానే ఆమె నాకు చెప్పిన పాఠం ఒకటే. "పొద్దున ఇంట్లో తాగినేవే నీళ్ళు. ఈడ తాగొద్దు పాపా."

ఎందుకో ఆ పూటే తెలిసింది. యూనిట్ వెనక ఆడవాళ్ళకు ఒక మరుగుదొడ్డి ఉంది. వీధిలో పోయేవాళ్ళంతా వచ్చి వాడి పాడుచేస్తున్నారని మేస్త్రీ దానికి తాళం వేయించాడు. తాళంచెవి ఆయన టేబుల్ మీద ఉంటుంది. ఆ టేబుల్ ముందు వైపు, గుడ్డ కత్తిరించే మగవాళ్ళ పక్కనే. తాళంచెవి పోకుండా దానికి జానెడు జీన్స్ పట్టీ ఒకటి కట్టారు. అవసరమైనవాళ్ళు మిషను ఆపి లేచి, అంత పొడుగు షెడ్డూ నడిచి, మగవాళ్ళ మధ్య నిలబడి అడగాలి. ఆయన తలెత్తి ముందు గోడ గడియారం వైపు చూస్తాడు, తర్వాత ఇస్తాడు. నోటితో ఏమీ అనడు. చెడ్డవాడని నేను చెప్పలేను. ఆడవాళ్ళకు ఒంట్లో బాగాలేదంటే సాయంత్రం తన బండి మీద బస్టాండులో దింపివచ్చేవాడు. కానీ ఆ గడియారం చూపు ఒకటి ఉండేది. తర్వాత ఆ పట్టీ చేతిలో వేలాడదీసుకుని, ఎక్కడికి పోతున్నామో అందరికీ తెలిసేలా మళ్ళీ అంత దూరం నడవాలి. ఒక్కసారి అలా నడిచినవాళ్ళు రెండోసారికి నీళ్ళు మానేస్తారు.

అందరం మానేశాం. సీసాలు తెచ్చుకునేవాళ్ళం, అవి టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి. బళ్ళారి ఎండలో, రేకుల కప్పు కింద, ఇస్త్రీ ఆవిరి పక్కన కూర్చుని, దాహం వేయడం లేదా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పేవాళ్ళం. కొన్నాళ్ళకు నిజంగానే వేయడం మానేసింది. దాహం కూడా మర్యాదస్తురాలు. పట్టించుకోకపోతే అడగడం మానుకుంటుంది.

చిన్నమ్మకు ఒంటికి పోతే మంట మొదలైంది. ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగేది. నడుము నొప్పికి ఇంకో మాత్ర. జ్వరం వచ్చేది, పోయేది. ఒకరోజు కాళ్ళు చెప్పుల్లో పట్టకపోతే ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. డాక్టరు పరీక్షలు చూసి నా ముందే చెప్పాడు. రోజంతా నీళ్ళు తాగుతూ ఉండాలి, ఒంటికి వస్తే ఆపుకోకూడదు, నొప్పి మాత్రలు ఆపేయాలి, ఇలాగే సాగితే కిడ్నీలు పోతాయి. చిన్నమ్మ బుద్ధిమంతురాలిలా అన్నిటికీ తలూపింది. మర్నాడు పెద్ద సీసా నిండా నీళ్ళు తెచ్చింది. సాయంత్రం బస్సులో చూస్తే అది నిండుగానే ఉంది.

తాగమంటే ఒకటే మాట అంది. "తాగితే పోవాల గదా."

అప్పుడు అనుకున్నాను, ఆ తాళంచెవిని ఆడవాళ్ళ వైపు గోడకు తగిలించాలని. అంతకన్నా పెద్ద ఆశలేమీ లేవు నాకు. ఒక మేకు, దాని మీద ఒక తాళంచెవి, అది చూసి చిన్నమ్మ నీళ్ళు తాగడం.

సరిగ్గా అదే సమయానికి ఒక సంస్థ వాళ్ళు యూనిట్ల ఆడవాళ్ళకు శిక్షణ పెట్టారు. మార్పు తెచ్చేలా మాట్లాడటం ఎలా అన్నది విషయం. చదువుకున్నదాన్నని నన్ను పంపించారు. బెంగళూరు నుంచి వచ్చిన మేడం చాలా బాగా చెప్పింది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, నింద వేయకుండా మొదలుపెట్టాలి, ఒక మనిషి కథ చెప్పాలి, చివర్లో ఒకే ఒక్క కోరిక, అది కూడా అవతలివాళ్ళు చేయగలిగింది అడగాలి. అన్నీ బుర్రకు ఎక్కించుకున్నాను. మా ఇంటి స్నానాల గది గోడ ముందు నిలబడి ఒంటరిగా అభ్యాసం చేశాను. అమ్మ నాకు గాలి సోకిందనుకుంది.

శుక్రవారం సాయంత్రాలు ఓనరు యూనిట్‌కు వచ్చి మిషన్లకు ఊదొత్తి తిప్పి పోతాడు. ఆ శుక్రవారం నేను లేచి నిలబడ్డాను. నా కన్నడ అప్పుడు బడి కన్నడ, తప్పులేనిది. మిషన్లన్నీ ఆగాయి. మేడం చెప్పినట్టే ఒక్కటీ వదలకుండా మాట్లాడాను. పేరు చెప్పకుండా ఒక మనిషి జబ్బు గురించి చెప్పాను, డాక్టరు అన్న మాట చెప్పాను, చివర్లో ఒక్క మేకు అడిగాను. గొంతు వణకలేదు. ఓనరు శ్రద్ధగా విన్నాడు. ఎంత చక్కగా మాట్లాడావమ్మా అని మెచ్చుకున్నాడు. తర్వాత ఆడవాళ్ళందరి వైపు తిరిగి, తాళంచెవి ముందర ఉండటం మీకెవరికైనా ఇబ్బందిగా ఉందా, ఉంటే చెప్పండి, ఇప్పుడే మార్పిస్తాను అన్నాడు.

ఎవరూ తలెత్తలేదు. కత్తిరించే మగవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఓనరు ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు. అక్కడ చిన్నమ్మ ఒళ్ళో ప్యాంటు పెట్టుకుని కూర్చుని ఉంది. నీకేమైనా ఇబ్బందా అని ఆమెనే అడిగాడు.

చిన్నమ్మ చేతిలోని కత్తెర వైపు చూస్తూ చెప్పింది. "ఏమీ లేదప్పా. బాగుండాది."

ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఎగతాళిగా కాదు, చిన్నపిల్ల తొందరపడిందనుకునే నవ్వు. ఊదొత్తులు తిప్పి వెళ్ళిపోయాడు. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. తాళంచెవి టేబుల్ మీదే ఉంది.

బస్సులో నేను ఆమె పక్కన కూర్చోలేదు. కోపం. ఒళ్ళంతా మండిపోయింది. ఆమె ప్రాణం కోసం నేను అంతమందిలో నిలబడితే, నన్ను అబద్ధాలకోరును చేసిందనిపించింది. కురుగోడులో దిగి ఊరిదాకా నడుస్తున్నప్పుడు ఆమే నెమ్మదిగా అంది. "అంతమంది మొగోళ్ళ ముందర దాని గురించి నేను యెట్ల చెప్తా పాపా? నువ్వు సదువుకున్నేదానివి, నీకు నోరుండాది. నాకు రాదు." నేను అడుగు వేగం పెంచాను. బలంగా ఏదైనా అనిపించడం నాకు అదే ఆఖరు అనుకుంటాను. తర్వాత జరిగినవన్నీ అద్దాల బస్సులోంచి బయటికి చూస్తున్నట్టే జరిగాయి.

ఎండలు మొదలయ్యాక చిన్నమ్మ పనికి రావడం మానేసింది. మొహం ఉబ్బింది, అన్నం సహించలేదు. డాక్టరు పాత మాత్రలన్నీ అడిగి తెలుసుకుని, ఇదొక్కటే కారణమని చెప్పలేం, అన్నీ కలిసి వచ్చాయి అన్నాడు. డయాలసిస్ మొదలుపెట్టారు. అమ్మ ఏడ్చింది. చిన్నాయన వరండాలో కూర్చుని బీడీ వెనక బీడీ కాల్చాడు. నేను మంచం పక్కన నిలబడి సెలైన్ స్టాండుకు తుప్పు ఎక్కడెక్కడ పట్టిందో చూస్తూ ఉన్నాను.

అమ్మ మొక్కుకుంది. శ్రీరామనవమికి చెల్లెలు పని చేసినచోట అందరికీ పానకం పోయిస్తానని. మొక్కు అనేది కోరిక తీరాక కదా చెల్లించాలి. కానీ అమ్మకు ఓపిక పట్టలేదు, ముందే పోద్దాం, రాముడు మొహమాటపడి అయినా చూస్తాడు అంది. పండగ రోజు కూడా ఆర్డరు ఉందని యూనిట్ తెరిచారు. అమ్మ తెల్లవారకముందే లేచి బెల్లం, యాలకులు, మిరియాలు, శొంఠి వేసి కలిపి పెద్ద స్టీలు క్యాను నింపింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి నాకు టికెట్ లేదు గానీ క్యానుకు లగేజీ తీయాలన్నాడు కండక్టరు. ఒక లోటా పోశాను. తాగి మూతి తుడుచుకుని క్యానుకు కూడా సీటు చూపించాడు.

యూనిట్లో అందరికీ పోశాను. ఎవరికి పోస్తున్నాననే ధ్యాస కూడా నాకు లేదు. మొక్కు పానకం వద్దనకూడదు. అది దేవుడిని వద్దన్నట్టు, పైగా జబ్బు మనిషి పేరున పోస్తున్నది. మొదటి గ్లాసు అందరూ కళ్ళకద్దుకుని తాగారు. క్యాను ఖాళీ చేసి తీసుకురావాలని అమ్మ చెప్పింది కాబట్టి రెండో గ్లాసు పోశాను, మూడోది పోశాను. మా పక్క మిషను పెద్దామె, కాళ్ళ అంచుల దగ్గర నుంచి బెల్టుల దాకా అన్నీ కుట్టిన పాత మనిషి, చాలని చెయ్యి అడ్డం పెడితే, మా చిన్నమ్మ కోసం అన్నాను. చెయ్యి తీసేసింది. మేస్త్రీ కూడా తాగాడు. కత్తిరించే మాస్టర్లు కూడా అడిగి పోయించుకున్నారు.

ఏళ్ళ తరబడి పగలు నీళ్ళు తాగని ఆడవాళ్ళు గ్లాసుల మీద గ్లాసులు తాగితే ఏమవుతుంది? ముందుగా పెద్దామే లేచింది. ఆమె వెనక ఇంకొకామె. ఆపుకోగలిగింది కాదది, శొంఠి మిరియాలు పని చేస్తున్నాయి. మేస్త్రీ టేబుల్ ముందు వరస కట్టారు. ఆయన అలవాటుగా గడియారం వైపు తలెత్తాడు. పెద్దామె నవ్వుతూ అంది. "గడియారం చూస్తే ఏమొస్తాదప్పా? రాముని పానకం తాగినాము. బీగంచెవి ఇయ్యి."

అందరూ నవ్వేశారు. మగవాళ్ళూ నవ్వారు, వాళ్ళూ అప్పటికే అటూ ఇటూ తిరుగుతున్నారు కాబట్టి. జీన్స్ పట్టీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ షెడ్డంతా తిరిగింది. దేవుడి పానకం వల్ల వచ్చిన అవసరం కదా, దానికి సిగ్గేమిటి. ఇస్తూ ఇస్తూ మేస్త్రీకి తల ప్రాణం తోకకొచ్చి, మధ్యాహ్నానికి తాళం తీసే ఉంచమన్నాడు.

మర్నాడు తాళం మళ్ళీ పడింది. ఎవరూ ముందుగా ఏమీ అనుకోలేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, ఇది ప్రమాణం చేసి చెప్పగలను. పెద్దామె మిషను ఆపి సీసా మూత తీసి, అందరూ చూస్తుండగా గటగటా సగం తాగి, పక్కామెకు అందించింది. పక్కామె తాగి వెనక్కి ఇచ్చింది. కాసేపటికి మళ్ళీ వరస. ఆ మర్నాడూ అంతే. ఒక్కామె నడిస్తే అందరూ ఆమెను చూస్తారు. అందరూ నడిస్తే చూడటానికి కూర్చునే ఆడవాళ్ళెవరూ మిగలరు, మగవాళ్ళు ఎంతమందినని చూస్తారు? కొన్నాళ్ళు పోయాక మేస్త్రీ తనే సుత్తి పట్టుకుని వెనక గోడకు మేకు కొట్టాడు. రోజూ మీతో ఈ గోల నావల్ల కాదు తల్లీ అంటూ తాళంచెవి దానికి తగిలించాడు.

మేకు కొట్టే చప్పుడు వింటూ నేను జేబులు కుడుతున్నాను. నేను అడిగిన మేకే అది. సంతోషం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. కిటికీ దగ్గర చిన్నమ్మ చోట్లో కొత్తగా చేరిన ఒకామె దారాలు కత్తిరిస్తోంది. ఆమె పక్కన సీసా సగం ఖాళీగా ఉంది.

ఈ సంగతి శిక్షణ పెట్టిన సంస్థకు తెలిసింది. శుక్రవారం నేను మాట్లాడటం, తర్వాత మేకు రావడం, రెంటినీ వాళ్ళే కలుపుకున్నారు. కాదు, మధ్యలో పానకం ఉంది అని చెప్పాను. అది ఇంకా బాగుంది అన్నారు, కొత్త రకం ఆలోచన అన్నారు. ఉద్యోగం ఇచ్చారు. అది ఆలోచన కాదని, మా అమ్మ భయమని, చెల్లెలు బతకాలని దేవుడికి ముందే ఇచ్చిన లంచమని నేను ఎవరికీ వివరించలేదు. వివరిస్తే మళ్ళీ చక్కగా మాట్లాడావంటారు.

చిన్నమ్మ బతికే ఉంది. చిన్నాయన ఆమెను వారం వారం బస్సులో డయాలసిస్‌కు తీసుకుపోయి తెస్తాడు. మొక్కు తొందరపడి చెల్లించడం వల్లే ఇలా సగంలో ఆగిందని అమ్మ నమ్మకం. రోజంతా నీళ్ళు తాగమన్న డాక్టరే ఇప్పుడు తాగొద్దంటాడు. తాగినవి బయటికి పోయే దారి లేదు, ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తులకు పడతాయి. రోజుకు ఇన్నని కొలిచి ఒక చిన్న సీసాలో పోసి ఆమె తలగడ దగ్గర పెడతారు. మాత్రలు వేసుకోవడానికి కూడా అందులోవే. దప్పిక మాత్రం ఆమెకు తిరిగొచ్చింది. ఇన్నేళ్ళు చంపుకున్నదంతా కలిపి ఒకేసారి వచ్చినట్టుంది. నాలుక పిడచగట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతుంది.

మొన్న ఎండలో ఒక మీటింగు ముగించుకుని నేరుగా వాళ్ళింటికి పోయాను. అక్కడా తాళంచెవి కథ చెప్పి వచ్చినదాన్నే. చిన్నమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చిన్నాయన, వాళ్ళ కోడలు ఇంట్లోనే ఉన్నారు. నీళ్ళ బిందె ఎప్పుడూ ఉండే చోట లేదు. పెరటి గదిలో పెట్టి తలుపు దగ్గరగా వేశారు. నేను చెమట తుడుచుకుంటూ ఆమె పక్కన కూలబడ్డాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "దప్పిక గాలేదా పాపా?"

"లేదు చిన్నమ్మా" అన్నాను.

"ఆ మాట నీకు నేర్పిచ్చిందే నేను. నాకే చెప్తాండావా?"

హాళ్ళలో గంటలు గంటలు మాట్లాడేదాన్ని, తుడిచిన చెమటే మళ్ళీ తుడుచుకున్నాను.

ఆమె గోడ పట్టుకుని లేచింది. వద్దన్నా వినకుండా పెరటి గదిలోకి పోయి చెంబు నిండా నీళ్ళు ముంచుకొచ్చింది. నీళ్ళు కొన్ని ఆమె వేళ్ళ మీద ఒలికాయి. వాటిని ఆమె చీరకు తుడుచుకోలేదు.

"ఈ ఇంట్లో అందరూ నాకు కనపడకుండా పోయి తాగుతాండారు. గుటకలు ఇనపడకుండా తాగుతారు. నా వల్ల ఇంకొకరు దాక్కోని తాగే గతి నాకొద్దు. నా ముందర తాగు."

తాగాను. ఆమె నా గొంతునే చూస్తోంది. గుటక పడినప్పుడల్లా ఆమె గొంతు కూడా కదిలింది. ఆపబోయాను.

"సల్లగుండాయా?" అంది.

"ఉన్నాయి."

"ఇంకా తాగు. అంతా తాగు."

మొత్తం తాగేశాను.